పెంచలరెడ్డి నష్టాలు

వ్యాపారంలో ఎలా గెలవాలో నేర్పే పుస్తకాలు తెలుగులో ఏడాదికి ఎన్ని వస్తాయో ఎవరికీ తెలియదు గాని, వాటిలో చాలా భాగం ఆత్మకూరులో ఒక మేడ మీది గదిలోంచే బయటికి పోయేవి. ఆ గది సుజాతది. హైదరాబాదులో ‘శిఖరాగ్ర’ అనే ప్రచురణ సంస్థకు ఆమె ఎడిటరు. కరోనా రోజుల్లో ఇంటి నుంచి పని చేసుకోమంటే తల్లి వెంగమ్మ దగ్గరికి వచ్చేసింది. ఆ తర్వాత రమ్మని వాళ్ళూ అనలేదు, ఈమె కూడా పోలేదు.

పుస్తకాలు రాసేవాళ్ళంతా డబ్బున్నవాళ్ళు. ఒకాయన మొదటి పేజీలో తెల్లవారుజామున నాలుగింటికే లేస్తానని రాస్తాడు. ఐదో అధ్యాయానికి వచ్చేసరికి, పదింటికి నిద్ర లేచి చూస్తే షేర్లు పడిపోయి ఉన్నాయంటాడు. ఇంతకీ మీరు ఎప్పుడు లేస్తారు సార్ అని ఫోన్ చేసి అడిగితే, “మీకేది బావుంటే అది పెట్టండి మేడం” అంటాడు. సుజాత ఐదు పెట్టేది. ఆ పుస్తకం చదివి ఎక్కడెక్కడో ఎందరో ఐదింటికి లేచి, ఏం చేయాలో తోచక కూర్చునేవాళ్ళు.

రాసినవాడు చెప్పదలచుకున్నది వాడికంటే ముందు ఆమెకే తెలిసిపోయేది. చెప్పిందే చెప్పిన చోటల్లా తీసేసేది, తోక ముందూ తల వెనకా ఉన్నవాటిని తిప్పి పెట్టేది. అంతా చేసినా పుస్తకంలో ఆమె పేరు ఉండేది కాదు. ఒక్కసారి ఒక సిమెంటు వ్యాపారి చివరి పేజీలో కృతజ్ఞతలు చెప్పాడు, అదీ ‘సుజన’ అని. ఆ తప్పు అచ్చుకు పోకముందు చూడాల్సింది కూడా ఆమే. కంట పడలేదు.

ఒక రోజు శిఖరాగ్ర యజమాని చైతన్య ఫోన్ చేశాడు.

“సుజాతగారూ, ఉదయగిరి మీకు దగ్గరే కదా? పెంచలరెడ్డిగారని అక్కడ పెద్ద మనిషి. పుస్తకం వేయించుకుంటున్నారు. ఖర్చంతా ఆయనదే. ఒకసారి వెళ్ళి మేటర్ తీసుకురండి.”

బస్సులో ఉదయగిరి పోయి, కొండ కింద ఉన్న పెద్ద ఇల్లు ఏదని అడిగితే అందరూ చూపించారు. పెంచలరెడ్డికి అరవై దాటాయి. తెల్ల చొక్కా, తెల్ల పంచె, ముఖం నిండా సంతోషం. ఆయన ముందుగా అట్ట చూపించాడు. ‘నేనూ, నా వ్యాపారాలూ’ అని పెద్ద అక్షరాలు, కింద చేతులు కట్టుకుని నిలబడిన ఆయన ఫొటో. అట్టలు అప్పటికే అచ్చయి, కట్టలు కట్టి, వసారాలో బస్తాల పక్కన పేర్చి ఉన్నాయి. ముందుమాట రాయించాడు. అంకితం తండ్రికి. కృతజ్ఞతలు చెప్పాల్సిన వాళ్ళ పేర్లు పార్టీలవారీగా రాసి పెట్టాడు.

“లోపల మేటర్ సార్?” అని అడిగింది సుజాత.

“అదేందమ్మా, అది నువ్వు చూసుకోవాల. ఇల్లు మేస్త్రీ గదా కట్టేది. గృహప్రవేశానికి నేను కూర్చుంటా.”

“పోనీ, ఏ వ్యాపారంలో మీకు బాగా లాభం వచ్చింది? అక్కడ మొదలుపెడదాం.”

పెంచలరెడ్డి ఒక వేలు మడిచి, మళ్ళీ తెరిచాడు. తర్వాత వంటింటి వైపు తిరిగి కేకేశాడు. “ప్రమీలా, మనకు దేంట్లో లాభమొచ్చింది?”

“ఆలోచించి చెప్తానుండు,” అంది ఆయన భార్య ప్రమీలమ్మ లోపలి నుంచి. కాఫీ తెచ్చి ఇచ్చేటప్పుడు, “ఆ బర్రెను అమ్మినప్పుడు కొంచెం మిగిలినట్టుండాది,” అంది.

“అది మీ పుట్టింటోళ్ళిచ్చిన బర్రె గదా!”

“అందుకే మిగిలింది.”

ఆ సాయంత్రం దాకా పెంచలరెడ్డి తన వ్యాపారాలన్నీ చెప్పాడు. చెప్పేకొద్దీ ఆయన కళ్ళు వెలిగాయి. మొదట ఈము పక్షులు పెంచాడు. గుడ్లు మేమే కొంటామన్న కంపెనీ మాయమైంది. ఒక రోజు ఎవరో గేటు తీసి పెడితే పక్షులన్నీ దుర్గం కొండ ఎక్కేశాయి. మేకలు కాసేవాళ్ళు పరుగెత్తుకొచ్చి, “రెడ్డా, కొండ మీద మెడకాయలు తిరుగుతుండాయి!” అన్నారు. ఊళ్ళో మగవాళ్ళందరినీ తీసుకుని ఆయన కొండెక్కాడు. మేత వేళకు పక్షులు వాటంతట అవే దిగి ఇంటికి వచ్చేశాయి. మగవాళ్ళే దారి తప్పి మర్నాటిదాకా రాలేదు.

తర్వాత మినరల్ వాటర్ ప్లాంటు. ప్రారంభోత్సవం రోజునే బోరు ఎండిపోయింది. వచ్చిన అతిథులకు పక్క ఊరి నుంచి నీళ్ళ టిన్నులు తెప్పించారు. ఆ తర్వాత కల్యాణమండపం. వాస్తు చూసినాయన మాట విని వేదిక సరిగ్గా నడుమ ఒక స్తంభం వేయించాడు. అందులో జరిగింది ఒకే ఒక్క పెళ్ళి. తాళి కట్టడానికి పెళ్ళికొడుకు స్తంభాన్ని రెండు చేతులా కావలించుకోవాల్సి వచ్చింది. పెళ్ళికూతురు ఎటుందో కనపడక మొదటి ముడి తోడిపెళ్ళికూతురి మెడ దగ్గరికి పోయింది. ఎవరో అరిచారు కాబట్టి సరిపోయింది.

“ఇవన్నీ మీరు గెలిచిన వ్యాపారాలా సార్?” అంది సుజాత.

“గెలవలా. అయినా చేసినాను గదమ్మా!” అన్నాడు పెంచలరెడ్డి.

సుజాత ఇంటికి వచ్చి రాయడానికి కూర్చుంది. ఇన్నేళ్ళుగా చేసిన పనే, అబద్ధాలు తీసేస్తూ పోయింది. తీసేయగా మిగిలినవి నష్టాలు. వాటినే రాసింది. ఆత్మకథ కదా, ‘నేను’ అని మొదలుపెట్టింది. ‘నేను ఈములు కొన్న రోజు నాకింకా గుర్తే’ అని రాస్తుంటే వేళ్ళు వాటంతట అవే పరుగెత్తాయి. రాత్రుళ్ళు అన్నం తింటూ తనలో తాను నవ్వుకునేది. ఇలాంటి పుస్తకం ఆమె ఎన్నడూ దిద్దలేదు. ఇందులో దిద్దాల్సింది ఏమీ లేదు.

అది చదివి పెంచలరెడ్డి ఫోన్‌లో మండిపడ్డాడు.

“విజయం రాయమంటే నా పరువు బజార్న ఏసినావేందమ్మా? రేపు నామినేషన్ ఏసే మనిషిని నేను. స్తంభం ఇషయం కూడా రాసినావు. దీనికి నా పేరు పెట్టేందుకు ఈల్లేదు.”

“మరి అట్టలు సార్?”

“అట్టలు మీరే నాక్కోండి!” అని పెట్టేశాడు.

చైతన్యకు మాత్రం పుస్తకం తెగ నచ్చింది. అట్టలు తెప్పించుకున్నాడు, కాగితం కొన్నాడు, ప్రెస్సులో వరస కూడా వచ్చేసింది. “పేరొక్కటీ మారుద్దాం. పెంచలరెడ్డి అన్న చోట సుజాత అని స్టిక్కర్ వేస్తే సరిపోతుంది. మీరేమంటారు?” అన్నాడు.

కాదనాలని సుజాతకు తెలుసు. నోరు తెరిచింది కూడా. కాని అట్ట మీద తన పేరు ఎలా ఉంటుందోనని ఒక్క క్షణం ఊహించుకుంది. ఆ క్షణంలోనే చైతన్య “థాంక్సండీ” అని ఫోన్ పెట్టేశాడు.

అలా పుస్తకం వచ్చింది. పేరు ‘నేనూ, నా వ్యాపారాలూ’, రచన సుజాత, మధ్యలో చేతులు కట్టుకుని నవ్వుతున్న పెంచలరెడ్డి.

ముందుగా నమ్మింది వెంగమ్మ. ఆమెకు చదువు రాదు. కింద వాటాలో ఉండే కరుణశ్రీ టీచరు చదివి వినిపించింది. వెంగమ్మ మెట్లెక్కి వచ్చి గుమ్మంలో కూలబడింది.

“ఏంది పాపా, నాకొక మాట చెప్పకుండా అన్ని పక్షులు కొన్నావా? మీ నాయన సోమశిలలో వల లాగి లాగి నిన్ను చదివిస్తే, ఇదా నువ్వు చేసింది?”

“అమ్మా, అవి నావి కాదు.”

“ఇంకెవురివి? బుక్కులో నేను, నేను అని రాసుండావంట గదా.”

“రాసింది నేనే. చేసింది నేను కాదు.”

“చెయ్యకుండా ఎట్ట రాస్తావు?” అంది వెంగమ్మ. పద్దెనిమిదేళ్ళ ఎడిటరు పనిలో ఆ ప్రశ్న సుజాతను ఎవరూ అడగలేదు.

తల్లే నమ్మాక ఊరు నమ్మడానికి ఎంతసేపు? కూరగాయల అంగడి ఆమె రెండు వంకాయలు ఎక్కువేసి, “పోనీలేమ్మా, పోతే పోయినాయి,” అంది. అనంతసాగరం చెరువు పక్క పాలెం నుంచి బంధువులు ఆటోలో వచ్చి పరామర్శించి పోయారు. ఇన్ని ఎకరాలు, ఇన్ని వ్యాపారాలు ఈమెకు ఎక్కడివని ఒకరిద్దరికి అనుమానం రాకపోలేదు. పోయినవి కాబట్టే ఇప్పుడు కనిపించడంలేదని మిగతావాళ్ళు వాళ్ళకు నచ్చజెప్పారు. ఇక అట్ట మీది ఫొటో సంగతి జనమే తేల్చేసుకున్నారు. పాపం, ఈమెను నిలువునా ముంచినవాడు వీడే. మొహం అందరూ గుర్తుపట్టాలనే వేసి ఉంటుంది. ధైర్యం గల మనిషి!

పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. గెలుపు గురించి చదివి చదివి విసిగిపోయినవాళ్ళు ఓటమి కోసం ఎగబడ్డారు. చేజర్ల నుంచి ఒకాయన కొత్తగా కట్టబోయే కల్యాణమండపం ప్లాను పట్టుకొచ్చి, స్తంభాలు ఎక్కడ వేయకూడదో చెప్పమన్నాడు. సుజాత ఆ కాగితాన్ని అలవాటు కొద్దీ ఎడిటరులాగే చూసింది. “ఈ రెండో భోజనాల హాలు మొదటిదాన్నే మళ్ళీ చెప్తోంది. తీసేయండి,” అంది. ఆయన తీసేశాడు. ఆ స్థలంలో కార్లు పెట్టుకునే వీలు కుదిరి మండపానికి మంచి గిరాకీ వచ్చిందట. అది విని మరో నలుగురు వచ్చారు.

వర్షాకాలం పోయాక ఆత్మకూరు వర్తకులు ఆమెకు సన్మానం పెట్టుకున్నారు. సెల్‌ఫోన్ల కొట్టు సాయికిరణ్ మైకు పట్టుకుని, “నష్టాల నుంచి నేర్చుకున్న నారీమణి,” అని పరిచయం చేశాడు. సుజాత లేచి ఈముల కథ మొదలుపెట్టింది. హాలు నవ్వులతో ఊగిపోతోంది. సరిగ్గా మగవాళ్ళు కొండ మీద దారి తప్పే చోట, వెనక వరసలోంచి తెల్ల చొక్కా ఒకటి లేచింది.

“ఆపమ్మా! ఆ పక్షులు నావి!”

అందరూ వెనక్కి తిరిగారు. అట్ట మీది మొహం! హాలంతా కలకలం రేగింది.

“ముంచినోడు వచ్చినాడ్రా!” అన్నారెవరో.

“నేనెవుర్నీ ముంచలా. నేనే మునిగినాను,” అని అరిచాడు పెంచలరెడ్డి. “ఈములు నావి, బోరు నాది, స్తంభం నాది!”

ముందు వరసలోంచి ఓబమ్మ అనే ఆవిడ లేచింది. బస్టాండు దగ్గర టిఫిన్ హోటలు నడుపుతుంది, నోరు పెద్దది. “ఏం రెడ్డా, భూములు మీవి, చెరువు మీది, కాంట్రాక్టులు మీవి. పాపం ఆ యమ్మి కాడ ఉండేవి నాలుగు నష్టాలు. అవి గూడా నీకే కావాల్నా?”

చప్పట్లు ఆగలేదు. సాయికిరణ్ న్యాయంగా ఉండాలనుకున్నాడు. “సరే సార్, మీవే అయితే ఒక్క మాట చెప్పండి. ఈము ఏం మేస్తుంది?”

పెంచలరెడ్డి తడబడ్డాడు. “అది... జీతగాళ్ళు చూసుకునేవాళ్ళు.”

మైకు సుజాత చేతిలో ఉంది. అక్షరదోషం కనపడితే దిద్దకుండా ఉండలేని మనిషి. “మొక్కజొన్న, తవుడు, సోయా పిండి, ఆకుకూరలు,” అనేసింది. రాయడం కోసం ఎన్నో చదివింది మరి. హాలు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఇద్దరు కుర్రాళ్ళు పెంచలరెడ్డిని మర్యాదగా బయటికి నడిపించారు.

మర్నాడు పొద్దున్నే ఆయన మెట్లెక్కి వచ్చాడు. వెంగమ్మ ఆయన్ని గుర్తుపట్టి చీపురు తీసుకుంది. సుజాత అడ్డుపడి కుర్చీ వేసింది. ఆయన కూర్చున్నాడు.

“నామినేషన్ కోసమే ఆ రోజు కాదన్నాను. టికెట్టు ఎట్టా ఇయ్యలా,” అన్నాడు. “మా నాయన సంపాదించినాడు, నేను పోగొట్టినాను. మా నాయన గురించి అందురూ చెప్పుకుంటారు. నా గురించి చెప్పుకునేదానికి ఉండేది ఈ నాలుగే. అవి గూడా నీవైపోతే, ఇంక నేను బతికింది ఏంది సుజాతా?”

వెంగమ్మ చీపురు కింద పెట్టింది.

ఇన్నేళ్ళలో సుజాత ఎందరి జీవితాలనో అటూ ఇటూ జరిపింది. నిద్ర లేచే వేళలు మార్చింది. ఒకాయన బాల్యాన్ని మూడో అధ్యాయంలోకి తోసింది. ఒక్కరూ వచ్చి నాది నాకిమ్మని అడగలేదు.

“చెప్తాను సార్. మీవేనని అందరికీ చెప్తాను,” అంది.

చెప్పింది కూడా. నెల్లూరులో జరిగిన సభలో, ఈ నష్టాలన్నీ పెంచలరెడ్డిగారివని, తాను రాసింది మాత్రమేనని కళ్ళనీళ్ళతో చెప్పింది. జనం ఆమె వినయానికి కరిగిపోయారు. ముంచినవాడిని కూడా క్షమించి వాడికే పేరు కట్టబెడుతోందని ఒక పత్రిక రాసింది. చైతన్య ఫోన్ చేసి, “అద్భుతం! ఇదే అన్ని చోట్లా చెప్పండి,” అన్నాడు. రెండో ముద్రణలోనైనా పేరు మార్చమంటే మాత్రం వినలేదు.

పెంచలరెడ్డికి పౌరుషం వచ్చింది. “నోటితో చెప్తే నమ్మరు. ఊరందురూ చూస్తుండంగా నష్టపోతా. అప్పుడు నమ్మక చస్తారా?” అన్నాడు. ఎండలు ముదిరాక ఆత్మకూరు బస్టాండు ఎదురుగా ఒక కొట్టు అద్దెకు తీసుకున్నాడు. లూధియానా నుంచి లారీ నిండా స్వెట్టర్లు, మంకీ టోపీలు, చేతి తొడుగులు, రగ్గులు తెప్పించాడు. బయట రోళ్ళు పగిలే ఎండ. కొట్లో ఫ్యాను కూడా పెట్టించలేదు. బోర్డు మీద ‘ప్రొ. పెంచలరెడ్డి’ అని కొట్టు పేరుకంటే పెద్దగా రాయించాడు.

“ఇంతకంటే ఎట్ట పోగొడతాడే మనిషి?” అని ప్రమీలమ్మకు గర్వంగా చెప్పాడు. ఆమె దణ్ణం పెట్టి లోపలికి పోయింది.

సుజాత సాక్షిగా ఉండటానికి రోజూ పోయి కొట్లో కూర్చుంది. మొదటి వారం అంతా అనుకున్నట్టే జరిగింది. జనం గుమిగూడి చూశారు, నవ్వారు, పోయారు. పెంచలరెడ్డి మహా ఆనందంగా ఉన్నాడు. ఆ తర్వాత సోమవారం నాడు ఒక పెద్దావిడ లోపలికి వచ్చి, “మంకీ టోపీలుండాయా నాయనా?” అంది. రెబెకమ్మ అని, రిటైరైన నర్సు. మనవరాలితో కులూ మనాలీ చూడబోతోంది. మూడు తీసుకుంది. సాయంత్రం అనంతసాగరం నుంచి ఒక గుంపు దిగింది. కేదారనాథ్ పోతున్నారు. ఎండాకాలం సెలవుల్లోనే కదా ఆ కొండలు తెరిచేది! చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బస్సులకు బస్సులు యాత్రలకు బయలుదేరేది అప్పుడే. నెల్లూరు దాకా పోయినా స్వెట్టరు దొరకని కాలం.

“మేమందురం కలిసి నలభై మందిమి. అందురికీ కావాల,” అన్నాడు గుంపులో పెద్దాయన.

పెంచలరెడ్డి బిక్కమొహం వేశాడు. “వద్దు సామీ, మా సరుకు అంత మంచిది కాదు,” అన్నాడు.

“ఎంత నిజాయితీ మనిషి!” అని ఇంకో పది రగ్గులు కూడా తీసుకున్నారు.

వైశాఖం గడిచేసరికి లారీ సరుకు ఖాళీ. వీపు మీద చెమట కారుతూ జనం స్వెట్టర్లు తొడుక్కుని చూసుకునేవాళ్ళు. సాయికిరణ్ వచ్చి శాలువా కప్పాడు, అదీ ఆ కొట్లో కొన్నదే. ఆ రాత్రి పెంచలరెడ్డి ఇంటికి పోయి అన్నం తినలేదని ప్రమీలమ్మ చెప్పింది. ఇక ఈ జన్మలో ఈములు ఆయనవంటే ఎవరు నమ్ముతారు?

“పోనీ సార్, ఈ గెలుపే రాద్దాం. మీ పేరుతోనే వేద్దాం. ఎలా గెలిచారో చెప్పండి,” అంది సుజాత.

పెంచలరెడ్డి ఆలోచించాడు. “కొట్టు తెరిచినాను. కొన్నారు,” అన్నాడు. ఎంత సాగదీసినా అది అరపేజీ దాటలేదు.

ఆ అరపేజీ పంపిస్తే చైతన్య, “ఆయన ఉదయం ఎన్నింటికి లేస్తారో రాయండి, మిగతాది మీకు తెలుసుగా,” అన్నాడు. సుజాత ఆ రోజే శిఖరాగ్రకు రాజీనామా పంపింది. తన పుస్తకం తానే రాసుకుందామని కూర్చుంది. ‘నేను’ అని కొట్టింది. ఆ తర్వాత మాట రాలేదు. ఈముల కథలో గలగలా పరుగెత్తిన ఆ మాట, తనదాకా వచ్చేసరికి మొండికేసి నిలబడింది. ఒక వారం అలాగే చూస్తూ కూర్చుంది.

ఆ సమయంలో కింద కారు హారను మోగింది. “సుజాతా, దిగిరా! సోమశిల పోదాం. నీళ్ళ మీద తేలే హోటలు పెడుతుండా. తెప్ప గూడా తయారైంది,” అని పెంచలరెడ్డి కిందినుంచే అరిచాడు.

“ఈసారి లాభానికా, నష్టానికా సార్?”

“నాకు తెలిస్తే ఈపాటికి బాగుపడనా? వచ్చి చూడు. చూడకుండా రాసేదానివి గదా నువ్వు!”

ఆ మాట గుచ్చుకుంది. చెప్పులేసుకుని దిగింది.

రిజర్వాయరు అంచున ఆదివారం జనం చాలామందే ఉన్నారు. ఖాళీ డ్రమ్ముల మీద పలకలు పరిచి, నాలుగు ప్లాస్టిక్ బల్లలు, పన్నెండు కుర్చీలు, ఒక గ్యాసు పొయ్యి పెట్టారు. పెంచలరెడ్డి కొబ్బరికాయ కొట్టి ముందుగా ఎక్కాడు. సుజాత వెనకే ఎక్కింది. ఆయన చేయి ఊపుతూ అతిథులను పిలుస్తుండగానే కట్టిన తాడు ఊడి, తెప్ప మెల్లగా ఒడ్డు వదిలింది. గాలికి గిరగిరా తిరిగింది. ఒక్కొక్క కుర్చీ జారి నీళ్ళలో పడి తేలుతూ పోయింది. తర్వాత ఒక డ్రమ్ము విడిపోయి దాని దారిన అది పోయింది.

ఒడ్డున జనం ఫోన్లు పైకెత్తారు. నవ్వులు నీళ్ళ మీదుగా వినిపించాయి.

పెంచలరెడ్డి మోకాలి లోతు నీళ్ళలో, వంగిపోయిన పలక మీద నిటారుగా నిలబడ్డాడు. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టి గొంతు చించుకున్నాడు. “చూసినారా? అందురూ చూసినారా? ఇది నాదే!”

“సగం నాది!” అని అరిచింది సుజాత. నీళ్ళలో పోతున్న గ్యాసు పొయ్యిని పట్టుకోబోయి ఆమె నిండా తడిసింది. ఎందుకో నవ్వు ఆగలేదు.

చేపల పడవలవాళ్ళు వచ్చి ఇద్దరినీ ఒడ్డుకు చేర్చారు. పెంచలరెడ్డి వాళ్ళలో ప్రతి ఒక్కరి చేయీ పట్టుకుని, రేపెవరైనా అడిగితే తెప్ప తనదేనని చెప్పాలని మాట తీసుకున్నాడు. పక్కనే చీర పిండుకుంటున్న సుజాత, “నా పేరు కూడా చెప్పండన్నా,” అంది.

ఇంటికి వచ్చి తల కూడా తుడుచుకోకుండా కంప్యూటరు ముందు కూర్చుంది. వెంగమ్మ తువ్వాలు తెచ్చి వెనక నిలబడి జుట్టు తుడుస్తుంటే, కదలొద్దమ్మా అంటూనే తెల్లారేదాకా రాసింది. ఆ పుస్తకం మరుసటి ఏడాది నెల్లూరులో ఒక చిన్న ప్రెస్సులో అచ్చయింది. మొదటిదాని అంత పోలేదు గాని, ఓ మాదిరిగా పోయింది. పెంచలరెడ్డి నూరు కాపీలు కొని ఊళ్ళో పంచాడు. తెప్ప మునిగిన పేజీ మడిచి మరీ ఇచ్చేవాడు.